క్లెయిము కాదన్న ఉత్తరంలో ముందు చూడాల్సింది తేదీలు

పెద్దకర్మ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయి, అప్పులవాళ్ళు మెల్లగా గుమ్మంలోకి రావడం మొదలయ్యాక వస్తుంది ఆ ఉత్తరం. రెండు పేజీలు, ఇంగ్లీషులో. మీ క్లెయిము చెల్లించలేం అన్నదే అందులోని సంగతి. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో, నందిగామ చుట్టుపక్కల మిర్చి, పత్తి వేసే ఇళ్ళల్లో, హైవే మీద లారీలు తోలేవాళ్ళ ఇళ్ళల్లో దాన్ని చదివి చెప్పేది చాలాసార్లు ఇంటర్ చదివే పిల్లే. తరవాత అందరూ చేసే పని ఒకటే, పాలసీ కట్టించిన ఏజెంటు ఇంటికి వెళ్ళడం. ‘పైవాళ్ళతో మాట్లాడతాను, కంగారు పడకండి’ అంటాడతను. అక్కడ కొన్ని నెలలు పోతాయి. ఆ తరవాత ఎవరో నాయకుడితో ఫోను చేయిస్తారు. అక్కడ ఇంకొన్ని పోతాయి.

ఏజెంటు మంచివాడే కావచ్చు. కానీ తిరస్కరణ ఉత్తరం వెలువడ్డాక అతని చేతిలో ఏమీ ఉండదు. బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళడానికి ఏడాది, వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి రెండేళ్ళు గడువు. ఆ లెక్క మొదలయ్యేది ఉత్తరంతోనే. అందుకే అది వచ్చిన కవరు కూడా పారేయకండి, దాని మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది. ఇంకా ఉత్తరం రాకుండా, ఆఫీసులో కూర్చున్న మనిషి ‘మీది రాదమ్మా’ అని నోటితో చెప్పి పంపించేస్తే అది తిరస్కరణ కాదు. ‘నా క్లెయిము మీద మీ నిర్ణయం, కారణాలతో సహా, రాతపూర్వకంగా ఇవ్వండి’ అని తెల్లకాగితం మీద రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. ఇప్పుడున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం విచారణ అక్కర్లేని మరణ క్లెయిమును 15 రోజుల్లో, విచారణ అవసరమైనదాన్ని 45 రోజుల్లో తేల్చాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి.

ఉత్తరం చేతికొచ్చాక దాన్లో రాసిన కారణం కంటే ముందు మూడు తేదీలు చూడండి. పాలసీ మొదలైన తేదీ, మధ్యలో ఆగిపోయి మళ్ళీ బతికించుకుని ఉంటే ఆ రివైవల్ తేదీ, కంపెనీ మొదటిసారి కాగితం మీద అభ్యంతరం చెప్పిన తేదీ. 1938 నాటి బీమా చట్టంలో 45వ సెక్షన్ ఉంది. 2015 సవరణతో అది ఇప్పుడు చెప్పేదేమంటే, పాలసీ ఇచ్చిన తేదీ, రిస్కు మొదలైన తేదీ, రివైవల్ తేదీ, అదనపు రక్షణ (రైడర్) చేర్చిన తేదీ – వీటిలో ఏది ఆఖరిదైతే దాన్నుంచి మూడేళ్ళు దాటాక ఆ పాలసీని ఏ కారణం మీదా ప్రశ్నించకూడదు. జబ్బు దాచారన్నా సరే, మోసం చేశారన్నా సరే. చట్టంలోని మాట ప్రశ్నించడం గురించి, చావు గురించి కాదు. కాబట్టి మనిషి రెండేళ్ళ పది నెలలకు పోయి, కంపెనీ అభ్యంతరం చెప్పేసరికి మూడేళ్ళు దాటి ఉంటే, మీ ఫిర్యాదులో మొట్టమొదటి పేరా అదే కావాలి. సరైన వయసు రుజువు అడగడం మాత్రం ఈ గడువుకు లోబడదు. మూడేళ్ళ రక్షణ ఉందని తెలియక, సంవత్సరాల తరబడి ప్రీమియం కట్టిన ఇళ్ళు కూడా ఉత్తరం చూసి ఊరుకోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

మూడేళ్ళలోపు అయితే కంపెనీకి రెండు దార్లు. ఒకటి, ఇది మోసం అనడం. రెండోది, మోసం కాకపోయినా ముఖ్యమైన సంగతి దాచారు లేదా తప్పు చెప్పారు అనడం. రెండోదైతే కట్టిన ప్రీమియాలన్నీ 90 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. పైగా ఆ సంగతి తెలిసి ఉంటే అసలు పాలసీయే ఇచ్చేవాళ్ళం కాదని కంపెనీయే చూపించాలి. మోసం అని రాస్తే కథ బిగుసుకుంటుంది. పాలసీదారు బతికిలేనప్పుడు అది మోసం కాదని చూపించే బరువును చట్టం కుటుంబం మీదకు నెట్టింది. ఇది న్యాయమా అంటే నా ఉద్దేశంలో కాదు. భర్త ఏజెంటుతో ఏం చెప్పాడో భార్యకు ఎలా తెలుస్తుంది? కానీ చట్టం అలాగే ఉంది కాబట్టి, ఉత్తరంలో ఏ మాట వాడారో వెతికి గుర్తు పెట్టుకోండి. ప్రీమియం డబ్బు అడక్కుండానే మీ ఖాతాలో వేసేస్తే దాంతో తగువు తీరిపోయినట్టు కాదు. ‘ఈ సొమ్మును అభ్యంతరంతో తీసుకుంటున్నాం, పూర్తి క్లెయిము కోసం మా హక్కు అలాగే ఉంది’ అని వెంటనే ఉత్తరం రాయండి. ‘ఫుల్ అండ్ ఫైనల్’ అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

ఇక అసలు గొడవంతా ఎక్కడుందంటే ప్రపోజల్ ఫారంలో. బీపీ ఉందా, షుగర్ ఉందా, గత అయిదేళ్ళలో ఆసుపత్రిలో చేరారా, జబ్బు చేసి వారం మించి పని మానేశారా, ఇంకెక్కడైనా పాలసీలు ఉన్నాయా – ఇవన్నీ అడుగుతారు. మన దగ్గర ఆ ఫారం నింపేది ఏజెంటు. అన్నిటికీ ‘లేదు’ అని గీతలు పెట్టుకుంటూ పోతాడు, ఎందుకంటే ‘ఉంది’ అంటే మెడికల్ టెస్టు, టెస్టంటే ఆలస్యం, ఆలస్యమంటే మీరు మనసు మార్చుకోవచ్చు. మీరు సంతకం పెట్టారు. రేపు కోర్టులో ‘ఏజెంటు నింపాడండీ, నాకు ఇంగ్లీషు రాదండీ’ అంటే వింటారా? ఆ ఒక్క మాటతో నెగ్గుతామనుకోకండి. 2019లో రిలయన్స్ లైఫ్ కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనను ఒప్పుకోలేదు. గుజరాత్‌లో ఒకాయన 10 లక్షల పాలసీ తీసుకున్నాడు. దానికి రెండు నెలల ముందే ఇంకో కంపెనీలో 11 లక్షల పాలసీ తీసుకున్న సంగతి ఫారంలో రాయలేదు. నెలల వ్యవధిలో చనిపోయాడు. సంతకం పెట్టినవాడు ఆ జవాబులకు కట్టుబడాల్సిందేనని కోర్టు అంది. కంపెనీ గెలిచింది.

అలాగని పాత పాలసీ చెప్పని ప్రతివాడూ ఓడిపోడు. 2025 ఫిబ్రవరిలో మహావీర్ శర్మ కేసు వచ్చింది. ప్రమాదంలో పోయిన అతని తండ్రి తన 40 లక్షల పెద్ద పాలసీని ఫారంలో చెప్పాడు, మొత్తం కలిపి 2 లక్షల 30 వేలు దాటని చిన్న పాలసీలను చెప్పలేదు. పెద్దదే తెలిసి పాలసీ ఇచ్చిన కంపెనీకి చిన్నవి తెలిస్తే నిర్ణయం మారేదా? మారేది కాదని సుప్రీంకోర్టు తేల్చి, 25 లక్షల పాలసీ సొమ్మును 9 శాతం వడ్డీతో ఇమ్మంది. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ కేసు ఎటువైపు ఉందో మీకే తెలుస్తుంది. దాచిన సంగతి ఎంత బరువైనది? అది తెలిస్తే కంపెనీ వెనక్కి తగ్గేదా?

జబ్బుల విషయంలోనూ ఇదే తూకం. 2020లో బజాజ్ అలయంజ్ మీద నడిచిన దల్బీర్ కౌర్ కేసులో, పాలసీ తీసుకున్న నెలకే మనిషి పోయాడు. అంతకుముందే హెపటైటిస్ ‘సి’తో ఆసుపత్రిలో ఉన్నట్టు రికార్డు ఉంది. కోర్టు కంపెనీ పక్షమే తీర్పు చెప్పింది. అయితే కేసు నడుస్తుండగానే సొమ్ము 70 ఏళ్ళ తల్లికి చేరిపోయింది కాబట్టి దాన్ని తిరిగి వసూలు చేయొద్దంది. దీనికి ఎదురుగా 2015లో సులభా మోటేగావ్‌కర్ కేసు ఉంది. పాలసీదారు తనకు నడుము పూసల జబ్బు ఉందని ఫారంలో చెప్పలేదు, పోయింది గుండెపోటుతో. నడుము నొప్పి ప్రాణం తీసే జబ్బు కాదు, చావుకూ దానికీ సంబంధం లేదు అని సుప్రీంకోర్టు ఎల్ఐసీ తిరస్కరణను కొట్టేసింది. దాచారని నిరూపించే బరువు బీమా సంస్థదేనని చన్నబసమ్మ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. మోసం అని రాయని ఉత్తరం మీద పోరాడేటప్పుడు ఈ పేరు పనికొస్తుంది.

నిరూపించడానికి కంపెనీ దగ్గర మామూలుగా ఉండేవి రెండు రకాల కాగితాలు. మొదటిది ఆసుపత్రి కేస్ షీట్. అర్ధరాత్రి మనిషిని విజయవాడ తీసుకెళ్తారు. డ్యూటీ డాక్టరు అడుగుతాడు, వెనకాల నిలబడ్డ బావమరిది కంగారులో ‘నాలుగైదేళ్ళ నుంచి షుగరండీ’ అంటాడు. ఆ ముక్క కేస్ షీట్‌లో పడిపోతుంది. రేపు ఉత్తరంలో కనిపించేది ఆ ముక్కే. అలాంటి రాత ఒక్కటే చాలదు అని వాదించండి. ఆ నాలుగేళ్ళలో వైద్యం చేసిన డాక్టరెవరు, మందుల చీటీలేవి, ఆ రాత రాసిన డాక్టరు అఫిడవిట్ ఏది అని అడగండి. చాలా కేసుల్లో కమిషన్లు కూడా కంపెనీని ఇదే అడిగాయి. అయితే ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ చేయించుకున్న రికార్డులాంటిది ఉంటే మాత్రం మనసుకు సర్దిచెప్పుకోవాల్సిందే, అక్కడ వాదనకు చోటు తక్కువ.

రెండోది ఫ్యాక్టరీ సెలవు రిజిస్టరు. ఇది చాలామందికి తట్టదు. ఎల్ఐసీ పాలసీ తీసుకున్న మూడేళ్ళలోపు చావు జరిగితే, నామినీ రాసే 3783 ఫారంతోపాటు చివరి వైద్యుడి 3784, ఆసుపత్రి 3816, యజమాని ఇచ్చే 3787 ఫారాలు అడుగుతారు. ఈ చివరిదాన్లో మనిషి ఎప్పుడెప్పుడు జబ్బు సెలవు పెట్టాడో కంపెనీ రాసివ్వాలి. మేనకోడలి పెళ్ళికి పది రోజులు కావాలి, లీవు దొరకలేదు, తెలిసిన డాక్టరు దగ్గర కామెర్లని సర్టిఫికెట్ తెచ్చి పెట్టేశాడు. ఎవరూ పట్టించుకోని ఆ కాగితం, మనిషి పోయాక లివర్ జబ్బు దాచాడనడానికి సాక్ష్యమై కూర్చుంటుంది. పనిచేసేవాళ్ళందరికీ నా మనవి: సెలవు కోసం లేని జబ్బు రాయించుకోకండి. ఇప్పటికే రాయించి ఉన్న ఇంట్లో చావు జరిగితే, ఆ రోజుల్లో పెళ్ళికి వెళ్ళినట్టు శుభలేఖ, ఫొటోలు, ఆ సర్టిఫికెట్‌కు తగిన రక్తపరీక్షగానీ మందుల బిల్లుగానీ లేకపోవడం – ఇవే మీ జవాబు.

మధ్యలో ఇన్వెస్టిగేటర్ వస్తాడు. బండి మీద ఊళ్ళోకి వచ్చి, కిళ్ళీకొట్టు దగ్గర, ఆశా కార్యకర్త దగ్గర, ఆర్‌ఎంపీ దగ్గర మాట్లాడి చివర్న మీ ఇంటికొస్తాడు. అతన్ని శత్రువులా చూడక్కర్లేదు. నల్గొండ జిల్లా దామరచర్ల ప్రాంతంలో, బీమా చేయించి మనుషుల్ని చంపి ప్రమాదాలుగా చూపించిన ముఠాను 2021లో పోలీసులు పట్టుకున్నారు. అలాంటివాళ్ళ వల్లే నిజమైన చావుల మీద కూడా అనుమానం పెరిగింది. అడిగినదానికి నిజం చెప్పండి. తెలియనిది తెలియదనండి. అతను రాసుకున్న వాంగ్మూలం తెలుగులో చదివి వినిపించమనండి, సంతకానికి ముందు ఫోనులో ఫొటో తీసుకోండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండి. ‘బాగా తాగేవాడు బాబూ’ అని ఏడుపులో అన్న మాట పండక్కి రెండు పెగ్గులు తాగేవాడి పాలసీని కూడా చెడగొట్టగలదు.

ఇంకో రకం తగువు ఉంది: ఫారం ఇచ్చాం, డబ్బు కట్టాం, పాలసీ బాండు ఇంకా రాలేదు, ఈలోపు మనిషి పోయాడు. దీని మీద దేశమంతా చెప్పుకునే తీర్పు మన కృష్ణా జిల్లాదే. వాసిరెడ్డి ఇంటిపేరున్న ఒక రాజావారు 1960 డిసెంబరు 27న 50 వేల రూపాయల పాలసీకి ప్రపోజల్ ఇచ్చారు, అదే రోజు వైద్య పరీక్ష కూడా అయింది. మొదటి ప్రీమియం కింద రెండు చెక్కులు, ఒకటి 300, ఒకటి 220. మొదటిది రెండు రోజుల్లో మారింది. రెండోది తిరిగొచ్చి తిరిగొచ్చి 1961 జనవరి 11న మారింది. మర్నాడు ఆయన చనిపోయారు. భార్య సొమ్ము అడిగితే, మచిలీపట్నం ఎల్ఐసీ ఆఫీసు ఆ జనవరి 28నే కాదంది. కింది కోర్టులో ఎల్ఐసీ, హైకోర్టులో ఆమె గెలిచారు. 1984 మార్చి 27న సుప్రీంకోర్టు మళ్ళీ ఎల్ఐసీ పక్షాన నిలిచింది. ప్రపోజల్ తీసుకుని ఊరుకోవడం ఒప్పుకోవడం కాదు, చెక్కు మార్చుకోవడం కూడా ఒప్పుకోవడం కాదు, అధికారం ఉన్నవాడు ఒప్పుకున్నట్టు తెలియజేస్తేనే ఒప్పందం అంది. కేసు పేరు ఎల్ఐసీ వర్సెస్ రాజా వాసిరెడ్డి కోమలవల్లి కాంబ. బీమా కంపెనీ వకీళ్ళు ఇవాళ్టికీ ముందు తీసే కేసు ఇదే.

చెక్కు మార్చుకోవడంలో ఉన్న తొందర, సంతకానికి మాత్రం ఎందుకు లేదో అనిపిస్తుంది. 2018లో సుప్రీంకోర్టుకు కూడా ఆ అన్యాయం కొంత తట్టినట్టుంది. డి. శ్రీనివాస్ వర్సెస్ ఎస్‌బీఐ లైఫ్ కేసులో ఇంటి లోనుతోపాటు బీమా ప్రీమియం తీసుకుని, నిర్ణయం చెప్పకుండా ఉండగానే లోను తీసుకున్న తండ్రి పోయాడు. కోమలవల్లి కేసు సూత్రం ఇనుప కడ్డీ కాదు, వద్దనుకుంటే సరైన సమయంలో వద్దని చెప్పాలి అని కోర్టు కుటుంబం వైపు నిలిచింది. మీకు బ్యాంకు లోనుతోపాటు బీమా అంటగట్టి ఉంటే ఈ తీర్పు పేరు కాగితం మీద రాసుకోండి. లోను ఖాతా స్టేట్‌మెంట్‌లో ప్రీమియం కోసిన తేదీ, సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ – ఈ రెండూ బ్యాంకు నుంచి తీసుకోండి.

ప్రీమియం బకాయి వల్ల పోయే క్లెయిములు వేరే రకం. నెలనెలా కట్టే పాలసీకి 15 రోజులు, మూడు నెలలకో ఆరు నెలలకో ఏడాదికో కట్టేదానికి 30 రోజులు గ్రేస్ ఉంటుంది. ఆ లోపల చావు జరిగితే బకాయి ప్రీమియం పట్టుకుని మిగతాది ఇవ్వాల్సిందే. గ్రేస్ దాటితే కష్టం. 2021లో సుప్రీంకోర్టు చూసిన సునీత కేసులో, పాలసీ ఆగిపోయి ఉండగా 2012 మార్చి 6న భర్తకు ప్రమాదం జరిగింది, 9న ఎవరో వెళ్ళి బకాయి కట్టేశారు, 21న అతను పోయాడు. మామూలు సొమ్ము వచ్చింది, ప్రమాద సొమ్ము 3 లక్షల 75 వేలు రాలేదు. ప్రమాదం సంగతి చెప్పకుండా కట్టిన ప్రీమియంతో ప్రమాద బీమా బతకదని కోర్టు అంది. ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని పరుగెత్తి బకాయి కట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఇంకో సంగతి, రివైవల్ చేసుకునేటప్పుడు ఇచ్చే ఆరోగ్య ప్రకటనతో మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పదేళ్ళ పాలసీకి రివైవల్ చేయించి ఏడాదిలో పోతే, కంపెనీ దృష్టిలో అది ఏడాది పాలసీయే.

జీతంలో కోసి కట్టే పాలసీలది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మీ జీతంలో ప్రీమియం కోశారు, కంపెనీ ఎల్ఐసీకి పంపలేదు, ఈలోపు పాలసీ ఆగిపోయింది. తప్పు మీది కాదు. 1999లో ఢిల్లీ విద్యుత్ సంస్థ ఉద్యోగి భార్య బసంతీ దేవి కేసులో, ప్రీమియం కోసే యజమాని ఎల్ఐసీకి ఏజెంటులాంటివాడే, కాబట్టి ఎల్ఐసీ చెల్లించాలి అని సుప్రీంకోర్టు తేల్చింది. 2005లో రాజీవ్ కుమార్ భాస్కర్ కేసులోనూ అదే చెప్పింది. జీతం స్లిప్పులు పారేయొద్దు అని నేను పోరేది అందుకే.

పీఎఫ్ కోసే ఉద్యోగమైతే ఇంకో బీమా మీకు తెలియకుండానే ఉంది. పేరు ఈడీఎల్ఐ, 1976 నాటి పథకం. ప్రీమియం యజమానే కడతాడు. మెడికల్ ప్రశ్నలుండవు కాబట్టి దాచారనే గొడవే రాదు. సర్వీసులో ఉండగా మనిషి పోతే, అది ఫ్యాక్టరీలో కానీ ఇంట్లో కానీ, ఏడాది సర్వీసు ఉన్నవాళ్ళకు 2 లక్షల 50 వేల నుంచి 7 లక్షల దాకా వస్తుంది. 5ఐఎఫ్ అనే ఫారం పెట్టాలి. కాంట్రాక్టు కూలీకి కూడా, అతని పీఎఫ్ నిజంగా కడుతూ ఉంటే, వర్తిస్తుంది. ముక్త్యాల కానివ్వండి, జయంతిపురం కానివ్వండి, సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళు ముందు తమ యూఏఎన్ పాస్‌బుక్‌లో నెలనెలా సొమ్ము పడుతోందా, ఈ-నామినేషన్ చేసి ఉందా అని ఇవాళే చూసుకోవడం మంచిది. పనిలో జరిగిన ప్రమాదమైతే వచ్చే ఉద్యోగి పరిహారం దీనికి వేరే.

బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 436 రూపాయలు కోసే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా చాలా ఇళ్ళల్లో ఉంది. 2 లక్షలు. జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క. మే నెలాఖర్లో ఖాతాలో డబ్బు లేక కోత పడకపోతే మళ్ళీ చేరేదాకా బీమా లేనట్టే. కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం కాకుండా వేరే కారణంతో పోతే రాదు. పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుంటే ఈ తగువు సగం అక్కడే తేలిపోతుంది.

ఆత్మహత్య గురించి ఒక్క మాట, మన పత్తి, మిర్చి ఊళ్ళల్లో అవసరం కాబట్టి. పాలసీ మొదలై లేదా రివైవల్ అయి 12 నెలలు దాటితే, ఆత్మహత్య అన్న కారణంతో జీవిత బీమా సొమ్ము ఆపడం కుదరదు. ఈ భయంతో చావు కారణాన్ని మార్చి చెప్పే ఇళ్ళు ఉన్నాయి. మార్చి చెప్పాకే చిక్కొస్తుంది, ఎఫ్ఐఆర్ ఒకటి, పోస్టుమార్టం ఒకటి చెప్తాయి.

ఇక ఎక్కడికి వెళ్ళాలి. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా. ఎల్ఐసీ అయితే ఉమ్మడి కృష్ణా జిల్లా పాలసీలు చూసే మచిలీపట్నం డివిజన్ ఆఫీసు తిరస్కరించాక, హైదరాబాద్ జోనల్ ఆఫీసులో క్లెయిముల తగాదాల కమిటీకి అప్పీలు పెట్టుకోవచ్చు. అందులో రిటైర్డ్ జడ్జి ఉంటారు. ఈ మెట్టును చాలామంది దాటవేస్తారు, దాటవేయొద్దంటాను. ఎల్ఐసీ ప్రభుత్వ సంస్థ కాబట్టి 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో ప్రపోజల్ ఫారం నకలు, విచారణ నివేదిక అడగవచ్చు. ప్రైవేటు కంపెనీల మీద ఆ హక్కు లేదు. కానీ ప్రపోజల్ నకలు బాండుతోపాటు ఇవ్వాల్సిందే, ఇవ్వకపోతే ఆ మాటే ఫిర్యాదులో రాయండి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా నంబరు 155255. అక్కడ ఫిర్యాదు నమోదవుతుంది, కంపెనీ జవాబు చెప్పక తప్పదు. కానీ అది తీర్పు చెప్పే చోటు కాదు.

కంపెనీకి రాసి నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, బీమా అంబుడ్స్‌మన్. మనకు హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గరున్న ఆఫీసే, రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే. 50 లక్షల దాకా. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, అసలు వకీలుకు అక్కడ చోటే లేదు. 2021 సవరణ నుంచి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, వీడియోలో విచారణకు హాజరుకావచ్చు. జగ్గయ్యపేట నుంచి బస్సెక్కి వెళ్ళే పనిలేదు. కాగితాలన్నీ అందిన మూడు నెలల్లో నిర్ణయం రావాలి. ఆ నిర్ణయానికి కంపెనీ కట్టుబడాలి, మీరు కట్టుబడక్కర్లేదు. నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. కానీ ముందే కమిషన్‌లో కేసు వేసేస్తే అంబుడ్స్‌మన్ తలుపు మూసుకుపోతుంది. అందుకే నా సలహా, తేదీల లెక్క, బీమా మొత్తం సూటిగా ఉన్న కేసులు ముందు అంబుడ్స్‌మన్ దగ్గరకు. మోసం అని రాసిన కేసులు, సంతకం మాది కాదనేవి, డాక్టర్ను పిలిచి ప్రశ్నించాల్సినవి నేరుగా కమిషన్‌కు. అంబుడ్స్‌మన్ సాక్షుల్ని తవ్వి చూడరు.

2022 ఏప్రిల్ 4 నుంచి నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి కాబట్టి మీ జిల్లా వినియోగదారుల కమిషన్ విజయవాడలో. కంపెనీ ముంబైలో ఉన్నా మీరు నివాసం ఉన్నచోటే కేసు వేయవచ్చు. 2019 చట్టం ప్రకారం కేసు ఏ కమిషన్‌కు వెళ్ళాలన్నది మీరు కట్టిన ప్రీమియాన్ని బట్టి. అది 50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషనే. అంటే కోటి రూపాయల టర్మ్ పాలసీకి కొన్ని వేలు కట్టినవాళ్ళు కూడా ఇక్కడికే రావాలి. కట్టింది 5 లక్షలలోపైతే కోర్టు ఫీజు సున్నా. వకీలు పెట్టుకోవాలా? ఎదుట కంపెనీ వకీలు కోమలవల్లి కేసుతో నిలబడతాడు కాబట్టి పెట్టుకోవడమే మేలు. స్తోమత లేకపోతే నందిగామ, జగ్గయ్యపేట కోర్టుల్లోనే మండల న్యాయ సేవాధికార సంఘం ఉంటుంది, ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు ఇస్తారు. అక్కడే శాశ్వత లోక్ అదాలత్ గురించి కూడా అడగండి. బీమా దాని పరిధిలోకి వస్తుంది, కోటి రూపాయల దాకా. వచ్చిన సొమ్ములో ఇంత శాతం నాకు అనే వకీలుకు మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి. మన దేశంలో అలా ఫీజు మాట్లాడుకోవడం వకీళ్ళ నియమాలకు విరుద్ధం.

ఫిర్యాదులో అడిగేటప్పుడు బీమా సొమ్ము ఒక్కటే రాయకండి. మరణించిన తేదీ నుంచో, తిరస్కరణ తేదీ నుంచో వడ్డీ, మనోవేదనకు పరిహారం, ఖర్చులు – ఇవి విడివిడిగా అడగాలి. అడగనిది ఇవ్వరు. గెలిచాక కంపెనీ రాష్ట్ర కమిషన్‌కు 45 రోజుల్లో అప్పీలు చేయవచ్చు, కానీ తీర్పు సొమ్ములో సగం ముందు డిపాజిట్ చేయాలి. అప్పీలు వేయకుండా, సొమ్మూ ఇవ్వకుండా కూర్చుంటే, 72వ సెక్షన్ కింద అదే జిల్లా కమిషన్‌లో ఇంకో అర్జీ పెట్టండి. ఆ సెక్షన్‌లో జరిమానాతోపాటు మూడేళ్ళ దాకా జైలు శిక్ష కూడా ఉంది. నెలల తరబడి కదలని ఫైళ్ళు ఆ నోటీసు అందాక కదిలిన సందర్భాలు ఉన్నాయి.